హమారా అంటే మనదా, మాదా?

పోయిన ఆగస్టులో ఒక సాయంత్రం మా చిన్నమ్మాయి బడి నుంచి వచ్చి, బ్యాగు దివాన్ మీద పడేసి, నీళ్లు కూడా తాగకుండా నన్నడిగింది: "అబ్బా, 'సారే జహాఁ సే అచ్ఛా' మన పాటా, మా పాటా?"

సంగతేంటంటే, పంద్రాగస్టు ప్రోగ్రాంలో ఎవరేం పాడాలో క్లాసులో పేర్లు రాసుకుంటున్నారట. దీని వంతు వచ్చేసరికి టీచరమ్మ నవ్వుతూ, "నువ్వు మీ పాట పాడమ్మా, సారే జహాఁ సే. మీకైతే ఆ మాటలు బాగా పలుకుతాయి. స్టేజీ మీద తెలుగులో అర్థం కూడా చెప్పు" అందట. ఆమె నీయత్‌లో ఖోట్ ఏమీ లేదు. మెచ్చుకుంటూనే అంది. కానీ ఆ "మీ" అనే ఒక్క అక్షరం బిడ్డ చెవిలో ముల్లులా దిగబడిపోయింది.

నేను వెంటనే "మన పాటే బేటీ, అందరిదీ" అనేశాను. అది నమ్మలేదు. నమ్మకపోవడం సబబే. ఎందుకంటే ఆ సవాల్‌కు అంత తేలికైన జవాబ్ లేదు. జవాబ్ వెతుక్కుంటూ ఆ రాత్రి ఆ తరానాను మళ్లీ ముందేసుకుని కూర్చున్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత దాని బహర్, కాఫియా, రదీఫ్‌లను వేళ్ల మీద లెక్కబెట్టాను. అప్పుడు తెలిసిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఈ సవాల్‌ను కితాబీ ఉర్దూలో అడగడానికే వీల్లేదు. మన తెలుగులో "మన", "మా" అని రెండున్నాయి. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మన, పక్కన పెడితే మా. "మన ఊరు" అంటే నువ్వూ నేనూ ఆ ఊరివాళ్లమే. "మా ఊరు" అంటే నువ్వు వేరే ఊరివాడివి. ఉర్దూలో ఈ రెండింటికీ ఒకటే మాట: హమారా. ఇంట్లో మాట్లాడే దక్కనీలో "అపన్" ఉంది, అది "మనం"కు దగ్గర చుట్టమే. కానీ షాయరీ జుబాన్‌లో హమారా అంటే హమారాయే. మనదో మాదో వినేవాళ్లు తేల్చుకోవాలి. ఆ తరానాలో మళ్లీ మళ్లీ వచ్చే మాట సరిగ్గా ఇదే.

అల్లామా ఇక్బాల్ దీన్ని 1904లో రాశారు. అప్పటికింకా అల్లామా కారు. సియాల్‌కోట్‌లో పుట్టి, లాహోర్ గవర్నమెంట్ కాలేజీలో పాఠాలు చెబుతున్న కుర్ర ఉస్తాద్. ఆ ఏడాది ఆగస్టులో 'ఇత్తెహాద్' అనే వారపత్రికలో ఇది అచ్చయింది. లాలా హరదయాళ్ ఒక సభకు అధ్యక్షత వహించమని పిలిస్తే, ఇక్బాల్ ఉపన్యాసం మానేసి తరన్నుమ్‌తో దీన్నే పాడారని చెబుతారు. ఆ హరదయాళే తర్వాత అమెరికాలో గదర్ పార్టీని నిలబెట్టిన వాళ్లలో ఒకరు. 1924లో వచ్చిన 'బాంగె దరా' సంపుటంలో దీని పేరు 'తరానా-ఎ-హిందీ'. ఇక్కడ హిందీ అంటే భాష కాదు, హింద్ దేశపు మనిషి.

దీన్ని అందరూ గీతం అంటారు గానీ, కట్టుబడి చూస్తే ఇది గజల్. తొమ్మిది షేర్లు. మొదటి షేర్ మత్లా, చివరిది షాయర్ తన తఖల్లుస్ పెట్టుకున్న మక్తా. గజల్‌కు మూడు పట్టాలుంటాయి. ప్రతి షేర్ చివర మారకుండా వచ్చే మాట రదీఫ్. దాని ముందు ప్రాసతో మారుతూ వచ్చే మాట కాఫియా. మొత్తాన్ని ఒకే నడకలో నడిపేది బహర్. మత్లాలో రెండు మిస్రాల్లోనూ కాఫియా, రదీఫ్ రావాలి. తర్వాతి షేర్లలో రెండో మిస్రాలో వస్తే చాలు.

ఈ తరానా రదీఫ్ 'హమారా'. కాఫియా 'ఆఁ' అని ముక్కుతో సాగే శబ్దం: జహాఁ, పాస్‌బాఁ, కారవాఁ, నిషాఁ. లెక్కేస్తే మత్లాలో రెండు, మిగతా ఎనిమిది షేర్లలో ఒక్కోటి, మొత్తం పదిసార్లు రదీఫ్‌గా హమారా వస్తుంది. పది నిమిషాలు కూడా పట్టని పాటలో పదిసార్లు "మనది/మాది" అనడం చిన్న విషయం కాదు.

ఇక బహర్. ఇక్కడ నా రెండు చదువులూ కలిశాయి. స్కూలు ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగు. డిగ్రీ మొదటి ఏడాది తెలుగు సార్ బోర్డు మీద గురులఘువుల గుర్తులు పెట్టి భుజంగప్రయాతం చెబుతున్నారు. నాలుగు య గణాలు. లఘువు, గురువు, గురువు, అలా నాలుగుసార్లు. నా చెవిలో మాత్రం మా ఉస్తాద్ గొంతు మోగింది: ఫఊలున్ ఫఊలున్ ఫఊలున్ ఫఊలున్. అక్షరం పొల్లుపోకుండా అదే నడక. ఉర్దూలో దాని పేరు ముతకారిబ్. నాలుగు ర గణాల స్రగ్విణి చెప్పినప్పుడు ఫాఇలున్ వినబడింది, అంటే ముతదారిక్. ఎవరి నుంచి ఎవరు తీసుకున్నారన్న తగువు కాదు నాది. ఏ తోవన నడిచొచ్చినా అడుగు ఒకటే పడుతోందని ఆ రోజు ఖుషీ అయ్యాను. నోట్‌బుక్‌లో య గణం కింద ఉర్దూలో ఫఊలున్ అని రాసుకున్నాను. పక్కవాడు చూసి "ఇదేం మంత్రంరా" అన్నాడు.

ఈ లెక్కలకు మూలపురుషుడు బస్రాలో ఎనిమిదో శతాబ్దంలో జీవించిన ఖలీల్ ఇబ్నె అహ్మద్. బజారులో కమ్మరుల సుత్తి దెబ్బలు వింటూ అరబ్బీ కవిత్వపు తూకం పట్టాడని ఒక కథ. ఆయన పదిహేను బహర్లు తేల్చాడు. అఖ్ఫష్ మరొకటి కలిపాడు. ఫారసీ షాయర్లు ఆ తూకాన్ని తీసుకుని తమ జుబాన్‌కు సరిపోయేలా మార్చుకున్నారు. రదీఫ్‌ను ఇంతగా పెంచి పోషించింది ఫారసీయే. అరబ్బీలో కాఫియాదే పెద్దరికం. ఆ ఫారసీ పట్టాల మీదే ఉర్దూ గజల్ బండి నడిచింది. అందులో మన దక్కన్ వాటా చిన్నదేం కాదు. దీవాన్ ఉన్న తొలి ఉర్దూ షాయర్‌గా చెప్పుకునే ముహమ్మద్ కులీ కుతుబ్‌షా గోల్కొండ సుల్తాన్, 1591లో హైదరాబాద్‌కు పునాది వేసినవాడు.

ఇప్పుడు తరానా తక్తీ చేద్దాం. తక్తీ అంటే మిస్రాను ముక్కలుగా కోసి తూకం వేయడం. అసలు పాదాలు మీకందరికీ నోటికొచ్చినవే. అందుకని తూకం చూపడానికి నేనే తెలుగులో ఒక ముక్క అల్లాను: "ఈ బాట మాది కాదా." ఈ, బా గురువులు. ట లఘువు. మా గురువు, ది లఘువు, కా, దా గురువులు. ఉర్దూలో ఇది మఫ్ఊలు ఫాఇలాతున్. ఇలాంటివి రెండు పక్కపక్కన పెడితే ఒక మిస్రా అవుతుంది. మధ్యలో ఊపిరి తీసుకునే జాగా ఉంటుంది. మన యతిలా అక్కడ అక్షరాల మైత్రి అడగరు, ఊరికే ఒక విరామం. ఈ బహర్ పేరు ముజారె.

దీన్నే తెలుగు గణాల్లో చెబితే గమ్మత్తుగా ఉంటుంది. మఫ్ఊలు అంటే త గణం. ఫాఇలాతున్ అంటే ర గణం, ఒక గురువు. అంటే త-ర-గ, మళ్లీ త-ర-గ. తరగ, తరగ. అల వచ్చి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ అల. మా అమ్మాయికి ఇలా చెప్పాక మరి మర్చిపోలేదు. మీ పిల్లలకూ చెప్పి చూడండి.

బహర్ ఎంత పట్టుదల గలదో ఒక మాటలో చూడొచ్చు. మామూలుగా తోటను గులిస్తాఁ అంటాం. గు లఘువు, లిస్ గురువు, తాఁ గురువు. కానీ తరానా మత్లాలో కాఫియా చోట ఆ తూకం కుదరదు. అక్కడ గురువు, లఘువు, గురువు కావాలి. అందుకే అది గుల్‌సితాఁ అయింది. తోట అదే, పూలు అవే, కంచె ఒక్కటే జరిగింది. ఫారసీ షాయర్లు ఎప్పటినుంచో వాడుతున్న సౌకర్యమే ఇది. హిందోస్తాఁ అనే మాటలో మరో ఫర్క్ ఉంది. తెలుగు లెక్కలో "దో" ఎలాగూ గురువే, కింది "స్"కు వేరే విలువ లేదు. ఉర్దూ తూకంలో ఆ "స్"కు ఒక లఘువు జాగా ఇస్తారు. అందుకే పాడేటప్పుడు దానికి చిన్న ఇకారం తగిలించి హిందోసితాఁ అంటాం. మా దాదీ దీన్ని తప్పు పలకడం అనుకునేది. తప్పు కాదు, తూకం.

సరే, తూకం తెలిసింది. అసలు సవాల్ మిగిలే ఉంది. ఆ పది హమారాల్లో మన ఎన్ని, మా ఎన్ని?

ఒక్కో షేర్‌ను తెలుగులోకి తెస్తూ పోయాను. ఆకాశానికి పొరుగున నిలబడ్డ కొండ కాపలాదారు అన్నప్పుడు హమారా అంటే ఖచ్చితంగా మన. హిమాలయానికి మజహబ్ లేదు. మజహబ్ పగ నేర్పదు అని చెప్పే ఆరో షేర్‌లోనూ మనే. అక్కడ "మా" అంటే షేర్ అర్థమే తలకిందులవుతుంది. గ్రీసు, మిస్ర్, రోమ్ చెరిగిపోయినా నిలిచిన పేరు అన్నచోట కూడా మనే. కానీ ఐదో షేర్ దగ్గర నా కలం ఆగింది. గంగ నీళ్లను పలకరించి, నీ ఒడ్డున కారవాన్ దిగిన రోజు యాదుందా అని షాయర్ అడుగుతాడు. ఆ కారవాన్ ఎవరిది? బయటినుంచి వచ్చిన ముసల్మాన్ల బిడారు అని కొందరు చదువుతారు. ఈ గడ్డ మీదికి ఏదో ఒక కాలంలో అందరూ నడిచి వచ్చినవాళ్లే అని ఇంకొకరు చదవొచ్చు. మొదటిది మా, రెండోది మన. ఉర్దూ రెండింటికీ తలూపుతుంది. తెలుగు మాత్రం ఏదో ఒకటి తేల్చమంటుంది.

నేను "మన" అని రాశాను. ఎందుకంటే రదీఫ్ పనిచేసే తీరు అలాంటిది. ముషాయిరాకు వెళ్లినవాళ్లకు తెలుసు. మత్లా వినగానే రదీఫ్ ఏమిటో మహఫిల్‌కు తెలిసిపోతుంది. రెండో షేర్ నుంచి షాయర్ కాఫియా దాకా వచ్చి ఒక్క క్షణం ఆగితే చాలు, రదీఫ్‌ను వినేవాళ్లే అందుకుంటారు. అంటే రదీఫ్ షాయర్ నోటిమాట కాదు, మహఫిల్ నోటిమాట. ఆ మాట హమారా అయినప్పుడు, కలిపి పలికిన ప్రతివాడూ ఆ హమారాలో ఉన్నట్టే. హిందువు, ముసల్మాన్, సిక్కు పక్కపక్కన ఉండే 1904 నాటి లాహోర్‌లో, హరదయాళ్ పిలిచిన సభలో పాడిన పాట అది. వినేవాళ్లను బట్టి చూస్తే అది మన.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. అయిపోలేదు. ఇక్బాల్ 1905లో యూరప్ చదువుకు వెళ్లి 1908లో తిరిగొచ్చారు. అక్కడ దేశభక్తి పేరుతో దేశాలు ఒకదాని మీద ఒకటి కత్తులు నూరుకోవడం చూశారు. వతన్ అనే గీత కంటే మిల్లత్ అనే బంధం పెద్దదన్న ఖయాల్ ఆయనలో గట్టిపడింది. 1910లో 'తరానా-ఎ-మిల్లీ' రాశారు. హైదరాబాద్‌కు వచ్చి, గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధులు చూసి 'గోరిస్తానె షాహీ' రాసింది కూడా ఆ ఏడాదే.

తరానా-ఎ-మిల్లీని పక్కన పెట్టుకుని తక్తీ చేశాను. అదే బహర్. తరగ, తరగ. అదే కాఫియా, ఆఁ. అదే రదీఫ్, హమారా. గంగ చోట దిజ్లా నది వచ్చింది. యాదులు అందలూస్ తోటల దాకా వెళ్లాయి. అన్నింటికంటే నన్ను ఆపేసింది ఒక్క మాట. మొదటి తరానా ఆరో షేర్‌లో, రెండో మిస్రా మొదట్లో "హిందీ" అనే మాట ఉంది. రెండో తరానా మత్లాలో, సరిగ్గా అదే చోట "ముస్లిమ్" ఉంది. హిందీ రెండు గురువులు. ముస్లిమ్ రెండు గురువులు. తక్కెడ ముల్లు వెంట్రుకవాసి కూడా కదలదు.

దీన్ని బట్టి కొందరు ఇక్బాల్ మాట మార్చారంటారు. కొందరు ఎదిగారంటారు. ఇద్దరితోనూ నాకు తగువు లేదు. నాకు అర్థమైంది వేరు. బహర్ న్యాయం చెప్పదు, తూకం మాత్రమే చెబుతుంది. హిందీ వేసినా ముస్లిమ్ వేసినా ఒకే బరువు చూపిస్తుంది. కాఫియా, రదీఫ్ కూడా అంతే. అర్థం మారేది హమారా చుట్టూ ఎంత పెద్ద గీత గీశామన్న దాంట్లో. మొదటి తరానాను తెలుగు చేస్తే "మన" అని ధైర్యంగా రాయగలను. రెండోదాన్ని మసీదులో కూర్చున్నవాళ్లకు చెబితే "మన", పక్కింటి సుబ్బమ్మగారికి చెబితే "మా". వినేవాళ్లు మారితే తర్జుమా మారిపోతుంది.

టీచరమ్మ మాట అప్పుడు మళ్లీ గుర్తొచ్చింది. "మీ పాట." మా బిడ్డ పాడబోయేది మొదటి తరానా. ఆమె ఇచ్చింది రెండో తరానాకు ఇవ్వాల్సిన జవాబ్. ఆమెకు రెండో తరానా పేరు కూడా తెలిసి ఉండదు. 1945లో రవిశంకర్ కట్టిన బాణీ ఆమెకూ తెలుసు. 1984లో అంతరిక్షం నుంచి రాకేశ్ శర్మ ఇందిరాగాంధీకి జవాబు చెప్పింది ఈ పాట మాటలతోనే అనీ తెలిసి ఉంటుంది. అయినా ఒక ముస్లిం పిల్ల ఎదురుగా నిలబడేసరికి పాట "మీది" అయిపోయింది. పాటలో ఫర్క్ లేదు. గీత గీసిన చెయ్యి మారింది.

మరి తెలుగు అర్థం? ఊరికే వచనంలో చెప్పడం దానికి నచ్చలేదు. "అదే బహర్‌లో తెలుగులో రెండు లైన్లు రాయవా అబ్బా" అంది. దాశరథిగారు గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చారు, సినారె గజళ్లు రాశారు. కానీ తెలుగు గజల్ ఎక్కువగా మాత్రల లెక్కతో నడుస్తుంది. ఉర్దూ బహర్‌లో గురులఘువులు తప్పకుండా నడపడం వేరే తంటా. పైగా నేను వార్తలు రాసుకునేవాణ్ణి. తర్జుమా నా వల్ల కాదని, ఆ నడకలో సొంతంగా ఒక మత్లా కట్టాను:

మా తాత వేసినట్టీ ఈ బాట మాది కాదా
మా అమ్మ పాడినట్టీ ఈ పాట మాది కాదా

బాట, పాట కాఫియా. మాది కాదా రదీఫ్. "నట్టి"ని "నట్టీ" అని సాగదీశాను, పాటలో చెల్లుతుంది, పండితుల ముందు చెల్లదు. మా అమ్మాయి రెండుసార్లు పాడి మొహం అదోలా పెట్టింది.

"అబ్బా, ఇది ఎవరితోనో గొడవ పడుతున్నట్టుంది. కాదని ఎవరన్నారు? ఇందులో మన లేదేంటి?"

నిజమే. మన రాయాలని రాత్రంతా లెక్కలు వేసి, చివరికి మా రాశాను. సాకు కూడా రెడీగా ఉంది: "మనది" ఈ బహర్‌లో ఇమడదు బేటీ. మ, న రెండూ లఘువులు. ఈ తూకంలో ఎక్కడా రెండు లఘువులు పక్కపక్కన రావు. మాది అయితే చక్కగా కూర్చుంటుంది. ఇలా చెబుతుంటేనే నాకు సిగ్గేసింది. పొద్దుటి నుంచీ బహర్ న్యాయం చెప్పదంటున్నది నేనే, ఇప్పుడు నేరం బహర్ మీద తోసేస్తున్నదీ నేనే. నలభై దాటిన ఈ వయసుకు "మాది కాదా" అనడం నాకు అలవాటైపోయింది. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు, పేరు విని ఎదుటివాళ్ల మొహం మారినప్పుడు లోపల మోగే రదీఫ్ అదే. దానికింకా అలవాటు కాలేదు.

అది వేళ్లు మడిచి "తరగ, తరగ" అనుకుంటూ వంటింట్లోకి, హాల్లోకి తిరిగింది. వాళ్లమ్మ అన్నానికి పిలిచినా రాలేదు. కాసేపటికి వచ్చి పాడింది:

మా తాత వేసినట్టీ బాటే మనందరీదీ
మా అమ్మ పాడినట్టీ పాటే మనందరీదీ

లెక్కబెట్టాను. పా, టే గురువులు. మ లఘువు. నం గురువు. ద లఘువు. రీ, దీ గురువులు. సరిపోయింది. "మన" పక్కన "అందరు" వచ్చి చేరేసరికి రెండో లఘువు గురువైపోయి, ఆ మాటకు బహర్‌లో జాగా దొరికింది. మొదటి సగంలో మా ఉంది, రెండో సగంలో మన ఉంది. తాత మావాడే, అమ్మ మాదే. వాళ్లు వేసిన బాట, పాడిన పాట మాత్రం అందరివీ. మా అనేది చెరపకుండానే మన అనొచ్చని దానికి నేను చెప్పలేదు. తూకం వెతుక్కుంటూ అదే పట్టుకుంది.

పంద్రాగస్టు నాడు తరానా పాడి, చివర ఈ రెండు లైన్లు చెప్పిందట. నేను డ్యూటీలో ఉన్నాను, వెళ్లలేకపోయాను. సాయంత్రం అడిగాను: "టీచరమ్మ ఏమంది?"

"బాగా పాడావంది."

"మీ పాట అందా, మన పాట అందా?"

"ఏమో అబ్బా, గుర్తు లేదు. కానీ రెండోసారి 'మనందరీదీ' వచ్చేసరికి ముందు కూర్చున్న చిన్న క్లాసు పిల్లలు నాతో కలిపి అరిచేశారు."

రదీఫ్ చేసే పని అదే.